యూదుల ధర్మశాస్త్ర వ్రాతప్రతులు – వర్తకధర్మము

వర్తకుని ఇంట రెండు విధములైన పుస్తకములుండును. ఒకటి పూజాస్థానమున నుండు శాస్త్రము. రెండవది గద్దెమీద నుండు బహీ. దీపావళినాడు శారదాపూజలో బహీకి కుంకుమ పెట్టి, తొలిపుటపై శ్రీకారము వ్రాసి, నమస్కరించి క్రొత్త లెక్క మొదలుపెట్టుట మన కుటుంబములలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. అయినను ఏడాది గడచిన పిదప ఆ బహీ యొక్క గతి యేమి? కొన్నాళ్లు అటకమీద నుండును. మరి కొన్నాళ్లకు చెదలపాలగును, లేదా పాతకాగితములవానికి తూకమునకు పోవును. మాండవి వంటి సరిహద్దు గ్రామములందు తెలుగు, మరాఠీ, గోండీ మూడు భాషలును వినుచు బేరమాడిన పెద్దలు వ్రాసిన లెక్కలు ఇట్లే ఎన్నియో పోయినవి.

ఈజిప్టు దేశమున యూదులు మాత్రము శాస్త్రమును, లెక్కను ఒకే గదిలో దాచిరి. తొమ్మిదివందల ఏండ్ల తరువాత ఆ గది తెరచి చూడగా, ధర్మశాస్త్ర గ్రంథముల పుటల నడుమ మన దేశపు మిరియములు, ఏలకులు, వక్కలు, ఇత్తడి పాత్రల లెక్కలు బయటపడినవి. ఆ వ్రాతప్రతుల చరిత్రయు, వానిలోని వర్తకధర్మమును చదువరులకు ఒక పాఠముగా ఇచట చెప్పబడుచున్నవి.

1. ధర్మశాస్త్రము పెరిగిన విధము

యూదుల మూలగ్రంథము తోరా. అది ఐదు భాగములు. దానిని నేటికిని చర్మపత్రముపై చేతితోనే వ్రాసి, చుట్టగా చుట్టి ఉంచుదురు. వ్రాతలో ఒక్క అక్షరము తప్పినను సరిదిద్దువరకు ఆ ప్రతి ఆరాధనలో చదువుటకు పనికిరాదు. దీనితోబాటు గురువు నోట శిష్యుడు విని ధారణలో నిలుపుకొన్న ధర్మము మరియొకటి కలదు. మన ఆగమములు కూడ చాలకాలము శ్రుతరూపముననే యుండి, ధారణాశక్తి తగ్గినపుడు గ్రంథస్థములైన సంగతి చదువరులెరిగినదే. యూదులకును అట్టి అవసరమే వచ్చెను. వారి దేవాలయము క్రీ. శ. 70లో రోమనుల చేత ధ్వంసమయ్యెను. జనము చెదరిపోవుచుండగా, సుమారు క్రీ. శ. 200 ప్రాంతమున రబ్బీ యెహూదా అను ఆచార్యుడు గలిలయ సీమయందు ఆ నోటి ధర్మమును క్రమపరచెను. దాని పేరు మిష్నా. అందు ఆరు కాండములు, అరువదిమూడు ప్రకరణములు కలవు. సేద్యము, పండుగలు, వివాహము, నష్టపరిహారము, ఆలయవిధులు, శౌచము – ఇవి ఆరు కాండముల విషయములు.

మిష్నాపై పండితులు చేసిన చర్చలు గెమారా యనబడును. రెండును కలిసినది తల్మూదు. పాలస్తీనాలో ఏర్పడిన తల్మూదు ఒకటి. బాబిలోనియాలో, అనగా నేటి ఇరాకు దేశములో, ఆరవ శతాబ్ది నాటికి రూపొందిన పెద్ద తల్మూదు మరియొకటి. ఇందు తీర్పు మాత్రమే చెప్పి ఊరకొనరు. ఒక పండితుడు ఇట్లనెను, మరియొకడు అట్లనెను, ఇతని వాదమునకు ఆధారమిది, అతని వాదమునకు అడ్డమిది యని ఓడినవాని మాటను కూడ వదలక వ్రాసిరి. అన్ని వైపులనుండి చూచి గాని ఒక మాట నిశ్చయింపరాదను అనేకాంతబుద్ధి గల మనకు ఈ పద్ధతి పరాయిదిగా తోచదు.

2. త్రాసు, కొలపాత్ర, ధర

నష్టపరిహార కాండములో తొలి మూడు ప్రకరణములకు 'మొదటి ద్వారము', 'నడిమి ద్వారము', 'కడపటి ద్వారము' అని పేర్లు. వర్తకుడు ముఖ్యముగా చూడవలసినవి ఇవియే. కొన్ని నియమములను మాత్రము చూతము.

చిల్లర అంగడివాడు తన కొలపాత్రలను వారమునకు రెండుమారులు, తూనికరాళ్లను వారమున కొకమారు తుడువవలెను. త్రాసుతట్టలను ప్రతి తూకమునకు తరువాత శుభ్రపరుపవలెను. టోకు వర్తకునికి ముప్పది దినములకు ఒకమారు, ఇంటి గృహస్థునికి ఏడాదికి ఒకమారు చాలును. నూనె, తేనె వంటివి కొలచినపుడు పాత్ర అడుగున కొంత మిగులును. అది గట్టిపడిన కొలది పాత్ర లోపలి పరిమాణము తగ్గును, కొనువానికి సరుకు తగ్గును. వర్తకుడు మోసము తలపెట్టకున్నను పాత్రయే మోసము చేయును. ఆ అజాగ్రత్తకు కూడ వర్తకుడే బాధ్యుడని ఆ శాస్త్రము.

ధర విషయమున ఆరవవంతు నియమము కలదు. ఒక వస్తువు న్యాయమైన ధర ఆరువందల రూపాయలనుకొందము. దానిని ఏడువందలకు అమ్మినచో హెచ్చు ధర సరిగా ఆరవవంతు. అపుడు బేరము నిలుచును గాని హెచ్చుగా తీసికొన్న నూరు రూపాయలు తిరిగి ఇచ్చివేయవలెను. ఏడువందలకు మించినచో బేరమే రద్దగును. అంతకు తగ్గినచో బజారులో సహజమైన ఒడిదుడుకుగా భావించి విడిచిపెట్టుదురు. కొన్నవాడు ఆ వస్తువును మరియొక వర్తకునికో, బంధువునకో చూపి ధర విచారించుకొనునంత గడువు మాత్రమే ఇచ్చిరి. ఏండ్ల తరువాత వచ్చి తగవుపెట్టుట కుదరదు. తెలియక తక్కువ ధరకు అమ్మినవానికి కూడ ఈ రక్షణ కలదు. భూములకు ఈ నియమము లేదు.

దాని వెంటనే ఇంకొక మాట కలదు. సొమ్ముతో మోసమున్నట్లే మాటతోను మోసమున్నదట. కొనవలెనను తలంపే లేనివాడు అంగడివానిని 'ఇది ఎంత?' అని అడుగరాదు. అంగడివాని మనసులో ఆశ పుట్టించి దానిని త్రుంచుట కూడ హింసయే కదా! మన అంగళ్లలో దినమంతయు బట్టలు దించి చూపి ఉత్తచేతులతో మిగిలిన గుమాస్తాలు ఈ నియమము విని సంతోషింతురు.

పగటి కూలివాని కూలి ఆ రాత్రి గడువకముందే చెల్లింపవలెను. దారిలో దొరికిన చెల్లాచెదరు నాణెములు దొరికినవానివి. సంచిలో నున్నవి, దొంతిగా పేర్చియున్నవి అయినచో, గుర్తుపట్టగల సొంతదారుడు ఉండునుగాన, చాటింపు వేయవలెను. యూదుడు యూదునికి వడ్డీకి అప్పిచ్చుట నిషిద్ధము. అయినను పెట్టుబడి లేక వ్యాపారము నడువదు గనుక, ఇచ్చిన సొమ్ములో సగము అప్పుగా, సగము నమ్మి ఉంచిన ధనముగా లెక్కించి లాభనష్టములు పంచుకొను పొత్తును పండితులు ఏర్పరచిరి. పొత్తువానికి అతని శ్రమకు కూలి కూడ ముట్టవలెనని విధించిరి.

ఉమాస్వామి తత్త్వార్థసూత్రములో అచౌర్యవ్రతమునకు చెప్పిన ఐదు అతిచారములను ఇచట జ్ఞాపకము చేసికొనుట మంచిది. హెచ్చుతగ్గుల కొలతలు ఉంచుట, మేలు సరుకులో నాసి సరుకు కలుపుట, దొంగసొత్తు కొనుట, దొంగతనమునకు ప్రేరేపించుట, రాజ్యనియమమును ఉల్లంఘించి వ్యాపారము చేయుట – ఇవి ఆ ఐదు. యూదుల ఆచార్యుడు ఎన్నిమారులు తుడువవలెనో లెక్కతో చెప్పెను. మన ఆచార్యుడు వ్రతమునకు మచ్చ ఎక్కడ అంటునో చెప్పెను. త్రాసు మాత్రము ఒక్కటే.

3. అగ్నికి మిగిలిన ప్రతులు

అచ్చుయంత్రము రాకముందు ఇంత పెద్ద శాస్త్రమును చేతితో వ్రాయవలసి వచ్చెను. యూరపులో చర్మపత్రములపై, ఈజిప్టు వంటి తూర్పుదేశములలో ఎక్కువగా కాగితముపై వ్రాసిరి. పనిముగిసిన లేఖకుడు తన పేరు, సంవత్సరము చివరిపుటలో వ్రాయుట వాడుక. కొందరు సృష్టిశకమున, కొందరు క్రీ. పూ. 312లో మొదలైన గ్రీకు రాజుల శకమున లెక్కవేసిరి. ఈజిప్టు, యెమెన్ దేశముల యూదులు తమ పత్రములలో ఈ రెండవదానినే వాడుటచే దానికి 'పత్రముల శకము' అను పేరు వచ్చెను. మనవారు వీరనిర్వాణ సంవత్, విక్రమ సంవత్ అని వ్రాయుట వంటిదే ఇది.

ఇట్టి ప్రతులు వేలకొలది యుండవలెను గాని మిగిలినవి తక్కువ. 1239లో రోము మతాధిపతి తొమ్మిదవ గ్రెగరీ తల్మూదు గ్రంథములను పట్టుకొని విచారింపుడని ఆజ్ఞ పంపెను. 1240లో పారిసు నగరమున ఆ గ్రంథముపై విచారణ జరిగెను. 1242లో ఇరువదినాలుగు బండ్ల నిండ వ్రాతప్రతులను ఆ నగరవీథిలో పోసి తగులబెట్టిరని నాటి వ్రాతలు చెప్పుచున్నవి. ఒక్క ప్రతి వ్రాయుటకు ఎన్ని చర్మములు, ఎన్ని నెలలు, ఎంత ధనము కావలెనో ఊహించుకొన్నచో ఆ నష్టము తెలియును. తిరిగి 1553లో రోములోను అట్టి దహనమే జరిగెను.

అయినను పారిసు దహనము జరిగిన సరిగా నూరేండ్లకు, 1342లో, అదే ఫ్రాన్సు దేశమున ఒక లేఖకుడు బాబిలోనియా తల్మూదునంతయు ఒకే సంపుటమున మిక్కిలి చిన్న అక్షరములతో వ్రాసి ముగించెను. నేడు అది జర్మనీలోని మ్యూనిక్ నగర గ్రంథాలయమున నున్నది. దాదాపు సంపూర్ణముగా నిలిచిన బాబిలోనియా తల్మూదు వ్రాతప్రతి ప్రపంచమున ఇది యొక్కటే. పాలస్తీనా తల్మూదునకు 1289లో వ్రాసిన ప్రతి హాలెండులోని లైడెన్ విద్యాపీఠమున నున్నది. మిష్నాకు ప్రాచీనమైన మంచి ప్రతి యొకటి హంగరీ రాజధాని బుడాపెస్టులో నున్నది. వెనిస్ నగరమున డేనియల్ బోంబెర్గ్ అను ముద్రాపకుడు 1520 – 1523 మధ్య తల్మూదును పూర్తిగా అచ్చువేసెను. పాలస్తీనా తల్మూదు అచ్చునకు లైడెన్ ప్రతియే ఆధారమయ్యెను. ఆ ఒక్క ప్రతి పోయియున్నచో నేటి పాఠమే వేరుగా నుండెడిది.

అచ్చుపుటలో మూలము నడుమను, పదునొకండవ శతాబ్ది ఫ్రాన్సు పండితుడైన రాషీ వ్యాఖ్య ఒక ప్రక్కను, అతని తరువాతివారి వ్యాఖ్య మరియొక ప్రక్కను ఉండును. గుజరాతు జైన భండారములలో మూలము నడుమ, టీక పైనను క్రిందను వ్రాసిన 'త్రిపాఠ' ప్రతులను చూచినవారికి ఈ అమరిక వెంటనే అర్థమగును.

మరియొక విచిత్రము గమనింపదగినది. ఇటలీ దేశములో పదునారవ, పదునేడవ శతాబ్దులలో జప్తుచేసిన హీబ్రూ చర్మపత్రములను పుస్తకములు కట్టువారు కొని, దస్తావేజుల కట్టలకును లెక్కపుస్తకములకును అట్టలుగా వాడిరి. ఆ పాత లెక్కపుస్తకములను పండితులు ఇపుడు వెదకి, అట్టలు విప్పి, పోయిన శాస్త్రగ్రంథముల పుటలను వేలకొలది తిరిగి సంపాదించుచున్నారు. శాస్త్రమును లెక్కపుస్తకము కాపాడిన ఉదంతమిది.

4. ఫుస్తాత్ నగరములోని గది

పాత కైరోకు ఫుస్తాత్ అని పేరు. అచట బెన్ ఎజ్రా అను యూదుల ప్రార్థనాలయము కలదు. దేవుని నామము వ్రాసిన కాగితమును పారవేయుట గాని తగులబెట్టుట గాని యూదుల ఆచారమున తప్పు. చిరిగిన గ్రంథములను మొదట ఒక గదిలో వేసి, తరువాత పూడ్చుదురు. ఆ గదికి గెనీజా యని పేరు. వర్తకులు ఉత్తరము మొదట దేవుని పేరు వ్రాయుదురు గనుక ఉత్తరములు, రసీదులు, పొత్తు పత్రములు, పెండ్లి ఒప్పందములు, మందుల చీట్లు, పిల్లలు అక్షరములు దిద్దిన కాగితములు కూడ ఆ గదికే చేరెను. ఫుస్తాత్ వారు వేసినవానిని తీసి పూడ్చుట చేయక సుమారు వేయి సంవత్సరములు వేయుచునే యుండిరి. ఎండదేశము గనుక కాగితము కుళ్లలేదు.

1896లో ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ అను కవల అక్కచెల్లెండ్రు ఈజిప్టు నుండి తెచ్చిన ఒక పాత పుటను కేంబ్రిడ్జి విద్యాపీఠ పండితుడు సోలమన్ షెక్టర్ గుర్తించెను. అతడు అదే యేట బయలుదేరి కైరోకు పోయి, ఆ ధూళి నిండిన గదిలో దిగి, సుమారు రెండు లక్షల తునుకలను కేంబ్రిడ్జికి తెచ్చెను. ఇతర దేశములకు చేరినవానితో కలిపి అవి మూడు లక్షలకు మించినవి. వానిలో వర్తకుల పత్రములను ఎస్. డి. గోయిటైన్ అను పండితుడు దశాబ్దముల తరబడి చదివెను. అతడు 1985లో మరణించెను. హిందూదేశపు వర్తకమునకు సంబంధించిన పత్రముల సంపుటము అతని సహచరుడు ఫ్రీడ్‌మన్ కృషితో 2008లో వెలువడెను.

ధర్మశాస్త్రము గ్రంథములలోనే నిలువలేదని ఈ పత్రములవలన తెలియుచున్నది. దూరదేశమున సందేహము వచ్చినచో వర్తకుడు ప్రశ్న వ్రాసి బాగ్దాదు విద్యాపీఠముల పెద్దలకో, తరువాతికాలమున ఫుస్తాత్ న్యాయాధిపతులకో పంపెడివాడు. ఆ ప్రశ్నలను మోసినవారును వర్తకులే. జవాబులను మోసినవారును వర్తకులే. ఓడ మునిగినచో సరుకు నష్టము ఎవరిది? పొత్తువాడు పరదేశమున మరణించినచో లెక్క ఎవరు అప్పగింపవలెను? భర్త సముద్రమున పోయెనని సాక్ష్యము లేనిచో భార్య గతి యేమి? ఈ కడపటి ప్రశ్న చాల కఠినమైనది. మరణము రుజువుకానిచో ఆమె మరల వివాహమాడుటకు వీలులేదు. అందుచే హిందూదేశమునకు పోవు వర్తకులలో కొందరు బయలుదేరుటకు ముందే, ఇన్నాళ్లలో తిరిగిరానిచో చెల్లునట్లుగా షరతు వ్రాసి, భార్యకు విడాకుల పత్రము ఇచ్చిపోయెడివారు. లాభము కొరకు సముద్రము దాటువాడు ఇంటిలో మిగిలిన మనిషిని గూర్చి ముందుగా ఆలోచింపవలెనని దీని భావము.

5. మంగళూరులో వ్రాసిన పత్రము

మన దేశమున హీబ్రూ లిపికి పాత ఆనవాలు కేరళలో కలదు. 849లో వ్రాసిన కొల్లము తామ్రశాసనముపై సాక్షుల సంతకములు అరబ్బీ, పహ్లవీ లిపులతోబాటు హీబ్రూ లిపిలోను ఉన్నవి. ఆ శాసనమున వర్తక సంఘముల ప్రస్తావనయు కలదు.

పూర్తిగా యూద ధర్మశాస్త్రము ననుసరించి మన నేలపై వ్రాయబడిన పత్రమొకటి గెనీజా మూలమున లభించెను. అది 1132 అక్టోబరు 17వ తేదీన మంగళూరులో వ్రాయబడినది. వ్రాయించినవాడు అబ్రహాం బెన్ యిజూ. అతడు ఉత్తరాఫ్రికాలోని మహదియా నివాసి. ఏడెన్ మీదుగా మలబారు తీరమునకు వచ్చి, 1149 వరకు ఇచటనే యుండెను. మిరియములు, ఏలకులు, వక్కలు, ఇనుము ఎగుమతి చేసెను. ఇత్తడి పాత్రలు చేయించు కార్ఖానా నడపెను. ఏడెన్ లోని అతని ప్రధాన స్నేహితుడు మద్మూన్, అచటి వర్తకుల ప్రతినిధి. వీరి ఉత్తరములలో మంగళూరులోని 'బనియా' వర్తకుల ప్రస్తావన కూడ కనబడును. ఒకే తీరమున, ఒకే సరుకునకు, వేరువేరు మతములవారు మాటమీద వేలకొలది నాణెముల వ్యాపారము నడపిరి.

పై పత్రము ఒక దాస్యవిముక్తి పత్రము. అషు అను మలబారు స్త్రీ బెన్ యిజూకు దాసి. ఆమెకు స్వాతంత్ర్యమిచ్చినట్లు ధర్మశాస్త్ర భాషలో వ్రాసి, ఊరిపేరు, తేదీ, సముద్రతీరపు గుర్తు అన్నియు చేర్చెను. ఆమె అతని భార్యయై బిడ్డలను కనెనని పండితులు నిర్ణయించిరి. మనుష్యుని కొనుట, అమ్ముట ఆనాటి ప్రపంచమున పలుచోట్ల చట్టసమ్మతము. నేడు దానిని విని సిగ్గుపడవలసినదే. అయినను ఆ స్త్రీ పేరు మనకు మిగులుటకు కారణము విడుదల చేసినపుడు నోటిమాటతో పోనీయక పత్రము వ్రాయుట.

మంగళూరులో కాగితము దొరకుట కష్టము. కావున ఏడెన్ స్నేహితులు బెన్ యిజూకు సరుకులతోబాటు కాగితము కానుకగా పంపెడివారు. అతడు వచ్చిన ఉత్తరముల ఖాళీలలో తన లెక్కలు, శాస్త్రసందేహములు, పద్యములు వ్రాసికొనెను. ఒకే కాగితమున ఒకవైపు వర్తకము, ఒకవైపు శాస్త్రము. ఆ కాగితములను అతడు తిరుగు ప్రయాణమున వెంట తీసికొనిపోవుటచేతనే అవి ఫుస్తాత్ గదికి చేరెను.

6. ఇద్దరు సోదరులు

ఇక యూదుల ధర్మశాస్త్రమున మిక్కిలి గొప్ప సంగ్రహ గ్రంథమును, దాని వెనుక నున్న వర్తకుని చెప్పవలసియున్నది.

మోషే బెన్ మైమోన్, పాశ్చాత్యులు మైమోనిడీస్ అందురు, స్పెయిన్ దేశపు కోర్డోబా నగరమున 1138 ప్రాంతమున జన్మించెను. అచట ప్రభుత్వము మారి, యూదులకు నిలువనీడ లేకపోగా, ఆ కుటుంబము మొరాకోకును, అచటినుండి 1165లో పాలస్తీనాకును, తుదకు ఫుస్తాత్ నగరమునకును చేరెను. అతని తమ్ముడు దావీదు రత్నవర్తకుడు. తమ్ముడు వర్తకము చేసి కుటుంబమును పోషించుచుండెను. అన్న చింతలేక శాస్త్రము చదువుచు, వ్రాయుచు నుండెను. ఆ కాలముననే 'మిష్నే తోరా' అను మహాగ్రంథము ఆరంభమయ్యెను.

దావీదు సుమారు 1170 ప్రాంతమున ఎర్రసముద్ర తీరమందలి ఐదాబు రేవునుండి అన్నకు వ్రాసిన ఉత్తరము గెనీజాలో దొరకెను. నేడు కేంబ్రిడ్జిలో నున్నది. బిడారును విడిచి ఒక తోటివానితో ఎడారి దాటి ప్రాణములతో బయటపడితినని, రేవులో నీలిమందు తప్ప కొనదగిన సరుకేమియు లేదని, ఇంతదూరము వచ్చి ఉత్తచేతులతో మరలుట ఎందుకని హిందూదేశమునకు ఓడ ఎక్కుచున్నానని అందు వ్రాసెను. ఇంటిలో స్త్రీలకు ధైర్యము చెప్పుమని కోరెను. సరుకు లేని బజారులో నిలిచి ముందుకు పోవుటయా, వెనుకకు మరలుటయా అని తర్కించుకొనని వర్తకుడెవడు!

ఆ ఓడ హిందూమహాసముద్రమున మునిగెను. దావీదుతోబాటు అతని సొమ్ము, అన్న సొమ్ము, ఇతరులు నమ్మి ఇచ్చిన సొమ్ము కూడ పోయెను. అతని భార్య, చిన్న కుమార్తె అన్నపై పడిరి. మైమోనిడీస్ ఇంచుమించు ఒక సంవత్సరము మంచము పట్టెను. ఎనిమిదేండ్లు గడచినను తమ్ముని చేతివ్రాత కంటబడినపుడెల్ల దుఃఖము పొంగుచుండెనని ఒక స్నేహితునికి వ్రాసెను. తరువాత జీవనమునకై వైద్యవృత్తి చేపట్టి, సుల్తాను సలాదీన్ మంత్రికి వైద్యుడయ్యెను. పగలు రోగులను చూచుచు, శాస్త్రరచన మానక, 1178 నాటికి పదునాలుగు భాగముల గ్రంథము పూర్తిచేసెను. 1204లో మరణించెను.

తల్మూదులోని వాదోపవాదములను విడిచి, తేలిన నిర్ణయములను మాత్రము సులభమైన హీబ్రూలో విషయక్రమముగా కూర్చుట ఆ గ్రంథము ప్రత్యేకత. కడపటి నాలుగు భాగములు నష్టము, క్రయవిక్రయము, వ్యవహారము, న్యాయాధిపతులు అను విషయములవి. పొత్తు, ముఖ్తారు, అద్దె, కుదువ, అప్పు, సాక్ష్యము అన్నియు అందు కలవు. తల్మూదు నాటి సమాజము ఎక్కువగా సేద్యముపై నడచినది. మైమోనిడీస్ నాటి యూదులు సముద్రవర్తకులు. ఆ మార్పునకు తగినట్లు పాత నియమములను అతడు సవరించి వ్రాసెనని మార్క్ కోహెన్ అను పండితుడు 2017లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. వర్తకుని ఇంట పెరిగిన శాస్త్రకారునికి బజారు తెలియును గదా!

ఈ గ్రంథపు వ్రాతప్రతులు ఎన్నో కలవు. ఆక్స్‌ఫర్డు గ్రంథాలయములోని ప్రతి మొదటి రెండు భాగములది. తన మూలముతో సరిచూచినట్లు మైమోనిడీస్ స్వయముగా సంతకము చేసెను. మనము లెక్క తాళా చూచి సంతకము పెట్టుట వంటిది. గెనీజాలో అతని చేతి చిత్తుప్రతులు కూడ దొరకెను. అద్దె, అప్పుల వంటి వ్యవహారధర్మములను వ్రాయుచు ఎన్నిమారులు కొట్టివేసి తిరిగి వ్రాసెనో అందు కనబడును. 1457 ప్రాంతమున ఇటలీలో బంగారు రంగుల చిత్రములతో వ్రాసిన ప్రతి యొక్క రెండవ సంపుటమును యెరూషలేము, న్యూయార్కు నగరముల ప్రదర్శనశాలలు రెండును కలిసి 2013లో కొన్నవి. మొదటి సంపుటము వాటికన్ గ్రంథాలయమున నున్నది.

7. దక్షిణదేశపు పోలికలు

ఇవన్నియు దూరదేశపు మాటలని తలపరాదు. అదే యుగమున మన దక్కనులోను ఇట్టి కృషియే జరిగెను. నాందేడ్ సీమకు పొరుగున నున్న కల్యాణి నగరమున, చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు మితాక్షరను వ్రాసెను. దానిని పదమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన 'విజ్ఞానేశ్వరీయము' అను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. సంస్కృతము రాని గృహస్థునికిని వ్యవహారధర్మము అందవలెనను కోరిక ఈజిప్టులో మైమోనిడీస్‌కు ఉన్నట్లే తెలుగునాట కేతనకును ఉండెను.

ఓడ మునిగిన వర్తకుని ధర్మమును గూర్చి తెలుగునేలపై శిలాశాసనమే కలదు. చీరాలకు సమీపమున మోటుపల్లి రేవులో కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244 – 45లో అభయశాసనము వేయించెను. అంతకుముందు రాజులు గాలివానకు ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరుకునంతయు బలాత్కారముగా తీసికొనెడివారు. ప్రాణముకంటె ధనము ప్రియమని ఓడ ఎక్కిన వర్తకుని ఆపదలో దోచుట అధర్మమని తలచి, గణపతిదేవుడు నియమితమైన సుంకము తప్ప తక్కినది వారికే విడిచిపెట్టెను. దావీదు వంటివారెందరో ఆ సముద్రమునందే తిరిగిరి.

గ్రంథరక్షణ విషయమున మన ఉదాహరణము మంగళూరునకు కొద్ది దూరములోనే యున్నది. మూడబిదిరె బసదిలో షట్ఖండాగమమునకు వీరసేనాచార్యుల ధవళటీక తాళపత్రములు శతాబ్దులు భద్రముగా నుండినవి. అయితే దర్శనము మాత్రమే, చదువు లేదు. పందొమ్మిదవ శతాబ్ది చివర వానికి నకళ్లు వ్రాయుట ఆరంభమై, 1939 నుండి హీరాలాల్ జైన్ సంపాదకత్వమున అచ్చుపడి, పదునారు సంపుటములుగా లోకమునకు అందెను. దాచుట మొదటి ధర్మము. తెరచి చదువుట రెండవ ధర్మము. జ్యేష్ఠ శుద్ధమున శ్రుతపంచమి, కార్తిక శుద్ధమున జ్ఞానపంచమి జరుపుకొనువారు ఈ రెంటిని కలిపి ఆచరింపవలెను.

8. పాఠసారము

ఫుస్తాత్ వర్తకులు తమ ఉత్తరములు చరిత్రకు పనికివచ్చునని దాచలేదు. అక్షరమును గౌరవింపవలెనను ఆచారము చేత దాచిరి. ఆ ఆచారమే వారి తాతముత్తాతల పేర్లను, ధరలను, తగవులను, కన్నీటిని, ధర్మసందేహములను నిలిపినది. నేడు ఆ తునుకల చిత్రములను ఇంట కూర్చుండి ఎవరైనను తెరపై చూడవచ్చును.

మన ఇండ్లలో పాత బహీలు, హుండీలు, దస్తావేజులు, పెద్దల ఉత్తరములు ఇంకను కొన్ని మిగిలియున్నవి. ఏ ఊరి పత్తి ఏ ధరకు పోయెను, కరువు యేట ఎవరికి ఎంత ధాన్యము అప్పిచ్చిరి, ఏ బాకీని మాఫీ చేసిరి, ఏ కుటుంబము ఏ దారిన ఈ సీమకు వచ్చెను అను సంగతులు వానిలో తప్ప మరియెక్కడను లేవు. చదువువచ్చిన పిల్లలుండగనే, ఆ లిపి తెలిసిన వృద్ధులుండగనే, ఇరువురిని ఒకచోట కూర్చుండబెట్టి చదివించవలెను. వృద్ధులు పోయిన పిదప కాగితము మిగిలినను మాటలాడదు.

పాఠశాల బాలురు ఆలోచింపవలసిన ప్రశ్నలు:

(1) నూనె కొలచు పాత్రను తుడువకున్నచో నష్టము ఎవరికి? అది మోసమగునా, అజాగ్రత్త యగునా?

(2) న్యాయమైన ధర తొమ్మిదివందల రూపాయలైన వస్తువును వేయిన్ని ఏబదికి అమ్మినచో ఆరవవంతు నియమము ప్రకారము ఏమి చేయవలెను?

(3) కొనుటకు తలంపులేక ధర అడుగుట ఏల తప్పు?

(4) దావీదు ఐదాబు రేవులో సరుకు లేదని చూచినపుడు వెనుదిరిగి యున్నచో ఏమయ్యెడిది? అతడు ముందుకు పోవుట సాహసమా, తొందరపాటా? రెండు వైపులను చెప్పుము.

(5) మీ ఇంట నున్న అన్నిటికంటె పాత బహీ ఏ సంవత్సరముది? అది ఏ లిపిలో నున్నది? దానిని చదువగలవారు ఎవరు?

కడపటి ప్రశ్నకు జవాబు పుస్తకములో దొరకదు. ఇంటిలో పెద్దలను అడిగి, అటకమీద వెదకి, తెలిసికొని వ్రాయవలెను.